సంకల్పములో మన ఊరు

(పోచంపల్లిలో జరిగిన తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగము)



యువతరమును గూర్చియు, పూర్వాచారములను గూర్చియు నాలుగు మాటలు చెప్పవలెనని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ఇట్టి విషయము చేతికందినప్పుడు వక్తయైనవాడు పిల్లలను నిందించి, గతకాలమును పొగడి, మంచినీళ్లు త్రాగి దిగిపోవుట మన సభలలో పరిపాటి. ముప్పది యేండ్లుగా మేమును అట్టి ప్రసంగములు కొన్ని చేసితిమి. ఇప్పుడు ఆ పని చేయుటకు మాకు మొగము చెల్లదు. ఏలయన, ఆచారములు వలదని మన బిడ్డలు పారిపోవుచున్నారన్న మాట ఈ ప్రాంతమున నేడు నిజము కాదు. వారు వాటిని వెదకికొనుచు వచ్చుచున్నారు. మన యొద్దకు మాత్రము వచ్చుట లేదు. చిక్కంతయు అక్కడనే యున్నది.

పెరటాసి శనివారములను తీసికొనుడు. మా బాల్యమున పిల్లలము నామములు దిద్దుకొని, తులసి చుట్టిన చెంబు చేతబట్టి, గోవింద నామము చెప్పుచు ఇంటింట బియ్యమెత్తెడివారము. ఆ బియ్యముతోనే తళిగ వేసెడివారు. నడుమ కొంతకాలము ఈ ఆచారము సన్నగిల్లినది. చదువుకొన్న పిల్లవాడు చెంబు పట్టుట నామోషీయని తలిదండ్రులే మాన్పించిరి. ఇప్పుడు చూడుడు. మన పోచంపల్లి సిప్కాట్‌లో 2021లో విద్యుత్తు స్కూటర్ల కర్మాగారము వచ్చినది. హోసూరులో అంతకు ముందే నాలుగు దశాబ్దములుగా యంత్రముల మ్రోత వినబడుచున్నది. ఆ కర్మాగారములలో రాత్రి షిఫ్టు ముగించి వచ్చిన కుఱ్ఱవాడు నిద్ర మాని, స్నానము చేసి, చెంబు పట్టి వీథిలోనికి వచ్చుచున్నాడు. శనివారము సెలవు దొరకనివాడు తోడివానికి ఆదివారపు పని తాను చేసిపెట్టి దినము మార్చుకొనుచున్నాడు. అయ్యప్ప మాల వేసికొన్నవారు నలుబదియొక్క దినములు పాదరక్షలు లేక నడువవలెను. కర్మాగారము లోపల ఇనుప ముక్కు బూట్లు తప్పవు. గేటు దాటగనే ఆ బూట్లు విప్పి సంచిలో పెట్టుకొని తారురోడ్డుపై వట్టికాళ్లతో బస్సునకు నడచుచున్నవారిని మేము చూచుచున్నాము. వారిని ఎవరును బలవంతపెట్టలేదు.

ఇదంతయు వేషమనియు, ఫోటోల కొరకు చేయునదనియు అనువారున్నారు. ఫోటోలున్న మాట నిజమే. కాని మన కాలమున పట్టుచీర మడతలు నలుగురికి కనబడవలెనని పేరంటమునకు పోయినవారు లేరా? గుడిలో మొదటి తీర్థము తమకే అందవలెనని కలహించినవారు లేరా? భక్తి ప్రక్కన కొంచెము ప్రదర్శన ఎల్లకాలమును నిలిచియున్నది. చవితి నిమజ్జనమునాడు చెవులు చిల్లులు పడు శబ్దయంత్రములను మేము సమర్థింపము. పసిపిల్లలున్న వీథిలో అది పాపమే. ఆ యొక్కటి చూపి తక్కినదంతయు కొట్టివేయుట మాత్రము న్యాయము కాదు.

అసలు సంగతికి వత్తము. 2025 వినాయక చవితి నాడు, అనగా ఆగస్టు 27 బుధవారమున, మేము ఒక బంధువుల ఇంటికి పోయితిమి. ఆ ఇంటి మనుమడు కర్మాగారమున పని చేయువాడు. పురోహితుడు దొరకలేదు, దొరికినను అతడు తానే పూజ చేయవలెనని పట్టుపట్టెను. మట్టి విగ్రహము, పత్రి, ఉండ్రాళ్లు అన్నియు అమర్చుకొని, పీట ప్రక్కన సెల్‌ఫోను నిలిపి, అందులోని గొంతు చెప్పినట్లు చేయసాగెను. చేతులు ఎక్కడను తడబడలేదు. ఆచమనమైనది, ప్రాణాయామమైనది. సంకల్పము మొదలైనది. ఫోనులోని గొంతు, తాను కృష్ణా గోదావరీ నదుల నడిమి దేశమున కూర్చుండి ఈ పూజ చేయుచున్నానని సంస్కృతమున పలికెను. పిల్లవాడును భక్తితో అట్లే పలికెను.

గడప కడ కూర్చున్న అవ్వకు సంస్కృతము రాదు. గోదావరి పేరు మాత్రము చెవిని పడినది. “ఏమిరా, మన ఇల్లు గోదావరి కాడికి ఎప్పుడు పోయింది?” అని అడిగెను.

అందరును నవ్విరి. పిల్లవాడు నవ్వలేదు. పూజ ముగిసిన పిదప మా యొద్దకు వచ్చి, “తాతా, మనమేమని చెప్పవలెను?” అని అడిగెను. సిగ్గు విడిచి చెప్పుచున్నాము, మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. అరువదేండ్లుగా పురోహితుడు చెప్పినదానికి తల యూపి అక్షతలు వదలితిమే కాని, ఆయన మమ్మెక్కడ నిలబెట్టుచున్నాడో ఒక్కనాడును చెవియొగ్గి వినలేదు.

సంకల్పమన నేమి? మ్రొక్కుబడి కాదు, స్తోత్రమును కాదు. కాగితముపై మనము వ్రాయు చిరునామా వంటిది; కాని దాని విస్తారము వేరు. శ్వేతవరాహ కల్పము మొదలుకొని మన్వంతరము, యుగము, పాదము చెప్పి, జంబూద్వీపమును, భరతఖండమును దాటి, మేరువునకు దక్షిణమున, శ్రీశైలమునకు ఫలాని దిక్కున, ఫలాని రెండు నదుల నడుమ, ఈ ఇంట అని దిగి వచ్చును. పిదప సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము, నక్షత్రము. ఆ తరువాత గోత్రము, పేరు. బ్రహ్మాండమంత దూరమున మొదలై పీట మీద కూర్చున్న మనిషి యొద్ద ఆగును. ఎవడు, ఎక్కడ, ఎప్పుడు అను మూడు ప్రశ్నలకును అందు బదులున్నది. మన తమిళ సోదరుల సంకల్పమున మేరువు వినబడును కాని సాధారణముగ శ్రీశైలము వినబడదు. శ్రీశైలమునుండి దిక్కు లెక్కించుకొనుట తెలుగువారి గుర్తు. ఎక్కడ స్థిరపడినను మల్లికార్జునుని కొండ తమకే దిక్కున నున్నదో నిత్యము తలచుకొనుమని పూర్వులు చేసిన ఏర్పాటిది.

అట్లయిన పోచంపల్లి ఎక్కడ నున్నది? ఆ రాత్రి మేమును ఆ పిల్లవాడును దేశపటము ముందు పెట్టుకొని కూర్చుంటిమి. ఫోనుకు దారి చూపుటయు తెలియును కదా! శ్రీశైలము నుండి గీత గీచిన మన ఊరు దాదాపు సూటిగ దక్షిణమున వచ్చినది. పడమటికి కొంచెము ఒరుగును, అంతియే. నదులన్న, పెద్ద లెక్కలో మనము కృష్ణా కావేరుల నడుమ నున్నవారము. హోసూరువారును, కృష్ణగిరివారును, బర్గూరువారును ఈ మాట నిస్సంకోచముగ చెప్పుకొనవచ్చును. ఇంకను దగ్గరగ చూచిన, ఈ పోచంపల్లి పాలారునకును దక్షిణ పినాకినికిని నడుమ నున్నది. పాలారును సంస్కృతమున క్షీరనది యందురు.

దక్షిణ పినాకిని పేరు చెప్పినపుడు ఒక్క క్షణము ఆగవలెను. నందికొండల ప్రాంతమున రెండు పినాకినులు పుట్టినవి. ఒకటి ఉత్తర పినాకిని. అనంతపురము, కడప సీమల మీదుగ పోయి నెల్లూరు దాటి సముద్రమున కలియును. మన జ్ఞాతులు దానిని పెన్న యందురు. రెండవది మన వైపు తిరిగి, హోసూరు కడ తమిళదేశమున ప్రవేశించి, కృష్ణగిరి, కావేరిపట్నముల మీదుగ పోయి కడలూరు కడ సముద్రము చేరును. ఇక్కడివారు దానిని తెన్‌పెన్నై యనియు, పెన్నైయారు అనియు పిలుతురు. ఒక కొండల బిడ్డలే. మన నదిని మన సంకల్పమున చెప్పకపోవుట ఎంత మతిమరుపు!

ఆ నది స్థితియు ఈ సందర్భముననే చెప్పవలసియున్నది. కలశములో నీరు పోసి గంగ, యమున, గోదావరి, సరస్వతి, నర్మద, సింధువు, కావేరి రావలెనని పిలుతుము. కెలవరపల్లి జలాశయమున మన పినాకిని వానకాలములందు బెంగుళూరు మురుగుతో కలిసి తెల్లని నురుగు కుప్పలై పొంగుట పత్రికలలో పలుమార్లు చూచితిమి. ఏడు నదులను చెంబులోనికి పిలుచు మనము ఇంటి ప్రక్క నదిని కాలువగ విడిచితిమి. రంగులు పూసిన విగ్రహములు వలదని, మట్టి విగ్రహమే కావలెనని కొన్ని ఇండ్లలో మొదట పట్టుపట్టినది పిల్లలే. పెద్దలు “ఒక్క దినమునకేమి?” అనిరి. ఈ విషయమున ఎవరు ఆచారపరులో మీరే చెప్పుడు.

ఫోనులో గోదావరి ఎట్లు వచ్చినదని కొందరికి సందేహము కలుగవచ్చును. అందు మోసమేమియు లేదు. ఆ గొంతు కోస్తా సీమ వారిది. వారు తమ ఊరి మాట తాము చెప్పుకొనిరి. పాత పూజా పుస్తకములలో కొన్నిటియందు ఆ చోట, ఏ ప్రాంతమువారు ఆ ప్రాంతము చెప్పుకొనవలెనని అచ్చువేయుదురు. పుస్తకము చదువువాడు అక్కడ ఆగును. ఫోను ఆగదు. ఆపి, “ఇక్కడ మన ఊరు చెప్పరా” అనుటకు ప్రక్కన ఒక మనిషి ఉండవలెను. ఆ మనిషిమి మనము. మనమేమో దూరదర్శన మెదుట కూర్చుండి, ఈ కాలపు పిల్లలకు ఏమియు తెలియదని నిట్టూర్చుచున్నాము.

ఈ చిరునామాయందు ఇంకొక విశేషము కలదు. బారామహల్ అను ఈ సీమ 1792లో టిప్పు సుల్తాను చేతినుండి ఇంగ్లీషు కంపెనీకి పోయినది. మా తాతగారు తమ ఊరు సేలము జిల్లా యని వ్రాసెడివారు. 1965లో ధర్మపురి జిల్లా ఏర్పడినది. మా తండ్రిగారు అట్లు వ్రాసిరి. 2004లో కృష్ణగిరి జిల్లా వేరుపడినది, మేమిట్లు వ్రాయుచున్నాము. నడుమ 1953లో ఆంధ్ర రాష్ట్రమును, 1956లో భాషారాష్ట్రములును వచ్చినవి. సరిహద్దు గీత మనకు ఉత్తరముగ పోయినది. ఇన్ని కాగితములు మారినను శ్రీశైలము మనకు ఉత్తరముననే యున్నది. కావేరి మన దక్షిణముననే పారుచున్నది. ఏ కలెక్టరు ఉత్తరువును ఈ చిరునామాను మార్చలేదు. ఇంత గట్టి చిరునామాను మనము పిల్లలకు చెప్పక దాచుకొంటిమి.

కాలము సంగతియు అట్టిదే. 2025లో మన ఉగాది మార్చి 30న వచ్చినది. విశ్వావసు నామ సంవత్సరము మనకు ఆనాడే మొదలు. మన పొరుగువారికి ఏప్రిల్ 14న మొదలు. వారికిని అదే విశ్వావసు పేరే. కావున పదిహేను దినములు ఒకే వీథిలో ఈ వైపు ఇంట విశ్వావసు, ఆ వైపు ఇంట క్రోధి. ఇందు కలహమేమియు లేదు. చంద్రుని చూచి లెక్కించువారు ఒకరు, సూర్యుని చూచి లెక్కించువారు ఒకరు. మేము వారింట చిత్తిరై పానకము త్రాగితిమి, వారు మా యింట ఉగాది పచ్చడి తినిరి. ఈ తేడా తెలిసిన పిల్లవాడు తన తిథి తాను చెప్పుకొనును, ఎదుటివాని తిథిని గౌరవించును. తెలియనివాడు రెండింటిని కలగలిపి, చివరకు క్యాలెండరు చూచి జనవరి అనును.

ఇక మా తప్పొకటి చెప్పవలసియున్నది. కొన్ని యేండ్ల క్రిందట శ్రావణమాసమున ఒక ఇంట వరలక్ష్మీ వ్రతమునకు మేమును పోయితిమి. ఆ యింటి బాలిక వ్రతకథ తాను చదువుదునని ముందుకు వచ్చినది. ఆమెకు తెలుగు అక్షరములు రావు. రాకపోవుటకు ఆమె కారణము కాదు. 2006లో తమిళము నేర్పు చట్టము వచ్చినది. ఆ విద్యాసంవత్సరమున ఒకటవ తరగతిలో మొదలై, ఏటేట ఒక తరగతి పైకి ప్రాకి, 2015-16 నాటికి పదవ తరగతి చేరినది. ఆ మొదటి జట్టు పిల్లలు నేడు ఇరువదియైదేండ్ల యువతీయువకులు. చట్టముపై వాదము వేరొక సభలో చేయుదము. తమిళము నేర్చుట వలన మన పిల్లలకు నష్టమేమియు కలుగలేదు, తెలుగక్షరము తప్పిపోవుటయే నష్టము. ఇంట నేర్పవలసినవారము మనము నేర్పలేదు. ఆ బాలిక తల్లి నోట విని, కథనంతయు తమిళ లిపిలో నోటుపుస్తకమున వ్రాసికొన్నది.

తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికిని ఒక్కటే అక్షరమని మీకు తెలియును. త వర్గమును అట్లే. కథ యని వ్రాసినను గద యని వ్రాసినను కంటికి ఒకే రూపు. ఆమె చదువుచు చదువుచు, కథాక్షతలు చేత పట్టుకొనుడని చెప్పవలసిన చోట తడబడి “గదాక్షతలు” అనెను. మేము ఊరకుండక, “అమ్మా, అక్షతలు పట్టుదుమా, భీముని గద పట్టుదుమా?” అంటిమి. పేరంటాండ్రందరును పకపక నవ్విరి. ఆ బాలిక పుస్తకము మూసి తల్లి చేతికిచ్చి లోపలికి పోయినది. మరుసటి యేడు ఆ ఇంట వ్రతకథ ఫోనులో వినబడినది.

ఒక హాస్యము వలన ఒక గొంతు పోయినది. అది మా నోటి పని.

తరువాత కాలమున మాకు తెలిసిన విషయమేమన, తమిళ లిపిలో స్తోత్రములు అచ్చువేయువారు అక్షరము ప్రక్కన చిన్నగ 2, 3, 4 అను అంకెలు వేయుదురు. అంకె లేని అక్షరము క, 2 ఉన్నది ఖ, 3 ఉన్నది గ, 4 ఉన్నది ఘ. త్యాగరాజస్వామివారి తెలుగు కృతులను తెలుగు చదువరాని విద్వాంసులు ఇట్టి పుస్తకముల సాయమున పాడి లోకమును మెప్పించిరి. వారిని చూచి మనము నవ్వలేదు; చేతులు జోడించితిమి. మన యింటి బిడ్డ అదే దారిన వచ్చిన నవ్వితిమి. ఆ అంకెల పద్ధతి ఒక పూట కూర్చుండి నేర్పియున్న చాలును. అటుపిమ్మట తెలుగు అక్షరములే నేర్పవచ్చును. ఇష్టమున్నవానికి ఒక వేసవి సెలవు సరిపోవును.

ఆనవాయితీ మాటయు కొంచెము చెప్పి ముగింతుము. “మన యింట ఆ వ్రతము లేదు” అను మాటతో ఎందరు ఆడపిల్లల ఉత్సాహము నీరైనదో తల్లులకు తెలియును. పిల్ల ఫోనులో చూచి వ్రతము చేయుదుననును. పెద్దామె ఆనవాయితీ లేదనును. పిల్ల ఎందుకని అడుగును, పెద్దామెకు తెలియదు. ఎందుకో తెలియని కాదనుట ఆచారము కాదు, అలసట. ఆ ఇంట వరలక్ష్మి లేకున్నను పెరటాసి తళిగ యుండవచ్చును. దానికి పిండి దీపములెన్ని, ఏ పిండి, ఎవరు వెలిగింపవలెను, మొదటి ముద్ద ఎవరికి అను క్రమము ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క తీరుగ నుండును. అది ఏ ఫోనులోను లేదు. మీ అత్తగారి జ్ఞాపకమున మాత్రమే యున్నది. “ఇది లేదు” అను నోటితోనే “అది కలదు, రమ్ము, చూపెదను” అనిన ఆ పిల్ల తప్పక వచ్చును.

కావున ఈ సభ ముందు మా విన్నపము రెండే మాటలు. ఒకటి, మన ప్రాంతపు సంకల్పమును, శ్రీశైలము దిక్కుతోను, మన నదుల పేర్లతోను, ఒక్క పుటలో రెండు లిపులలో అచ్చొత్తించి ప్రతి ఇంటికిని పంచవలెను. తమిళ లిపి భాగమున అంకెలు వేయవలెను. హోసూరు, డెంకణికోట వైపువారు తమ దిక్కు తాము సరిచూచుకొనవలెను. వారి ఊళ్లు మనకు పడమరగ నున్నవి, శ్రీశైలమునకు నైరృతి వైపునకు ఇంకను ఒరుగును. తెలిసిన పురోహితులకు చూపి తప్పులు దిద్దించిన పిదపనే అచ్చునకీయవలెను. మా దేశపటపు లెక్కను నమ్మి పని చేయవలదు. రెండు, వచ్చు పెరటాసి లోపల ప్రతి ఇంటి పెద్దయు తమ తళిగ క్రమమును మనుమల చేతనే వ్రాయింపవలెను. ఏ లిపిలో వ్రాసినను సరియే. ఎవరును నవ్వరాదు. ముఖ్యముగ మేము.

ఆ బాలిక సంగతి అడుగుదురేమో. ఆమె ఇప్పుడు ఉద్యోగము చేయుచున్నది. 2025 శ్రావణమున, ఆగస్టు 8 శుక్రవారము, ఆమె తల్లి మమ్ము మరల పిలిచినది. వెళ్లితిమి. ఫోను మూలనుండెను. ఆమె ఒక క్రొత్త నోటుపుస్తకము తెచ్చినది. అందు కొన్ని పంక్తులు తమిళ లిపిలోను, కొన్ని వంకర తెలుగు అక్షరములలోను ఉన్నవి. సంకల్పమున కృష్ణా కావేరుల పేర్లు చెప్పినది. కథ మొదలిడుటకు ముందు పుస్తకము నుండి తలయెత్తి మా వంక చూచి, “కథాక్షతలు” అని నొక్కి పలికి, ఒక్క క్షణము ఆగినది. మేము తల వంచుకొని చేయి చాపితిమి. ఆమె గుప్పెడు అక్షతలు మా చేతిలో వేసి చదువుటకు కూర్చున్నది.